జ్వరం కాని వేడి

ఎండ 58వ రోజు

జల్లెడలు: ఆరు కడిగాను. మోటార్లు: రెండూ తిరుగుతున్నాయి. గాలి: బాగుంది. గాలిగది మనిషి: బాగాలేదు.

ఈ పుస్తకంలో మొదటి మూడు ముక్కలే రాయాలి. నాలుగోది నేను కలిపాను. పై గేటు మూసి యాభై ఎనిమిది రోజులైంది. తెరవడానికి ఇంకా నూట రెండు రోజులున్నాయి. అప్పటిదాకా దీన్ని తిరగేసే నాథుడు లేడు. ఎండలు తగ్గి గేటు తెరిచాక కమిటీ వాళ్ళు చదువుతారు. చదవనీ. నాకు నలభై తొమ్మిదేళ్ళు. రాత్రి మూడుసార్లు లేచి చెమటకు తడిసిన జాకెట్టు మార్చుకున్నాను. పొద్దున్నే పద్ధతిగా రాయమంటే నావల్ల కాదు.

ఈ రోజు కన్ను నన్ను మళ్ళీ పట్టుకుంది. మా పాతరలో నాలుగు వందల పన్నెండు మందిమి నేల కింద బతుకుతున్నాం. ప్రతి తలుపు మీదా ఒక కన్ను ఉంటుంది. నుదురు వేడిగా కనిపిస్తే ఎర్ర దీపం వెలుగుతుంది, ముందు తలుపు తెరుచుకోదు, వెనక తలుపు మూసుకుపోతుంది. పక్కనున్న జ్వరం గది తలుపు ఒక్కటే తెరుచుకుంటుంది. అందులో ఆరు గంటలు ఉండాలి. ఈలోగా వేడి దిగితే ఇంటికి, దిగకపోతే రక్తపరీక్షకు. పరీక్ష చేసే పుల్లలు రెండు డబ్బాలే ఉన్నాయి, గేటు తెరిస్తే గాని కొత్తవి రావు. అందుకే ముందు ఈ ఆరు గంటల కాపలా.

నాది జ్వరం కాదు, ఆవిర్లు. రొమ్ముల మధ్య మొదలై మెడ మీదుగా చెవుల దాకా ఎగబాకుతాయి. నాలుగైదు నిమిషాల్లో పోతాయి, ఒళ్ళంతా చెమట వదిలిపెట్టి. రోజుకు పదీ పదకొండుసార్లు. సరిగ్గా తలుపు ముందు నిలబడ్డప్పుడే వస్తాయి. వస్తాయేమోనని కంగారుపడతాను కదా, ఆ కంగారుకే వస్తాయి.

ఇది ఏడోసారి. పదోసారి పట్టుబడితే నన్ను గాలిగదిలోంచి తీసి ధాన్యం కొట్టుకు పంపిస్తారు. రూలు తప్పని అనను. పన్నెండేళ్ళ కిందట గాలి గొట్టంలోంచి వచ్చిన జ్వరంతో డెబ్భై మంది పోయారు. మొదట పడ్డవాడు అప్పటి గాలిగది మనిషే. పై గాలిని మొదట ముట్టుకునేది మేమే కాబట్టి మా మీద రెండు కళ్ళు ఎక్కువే ఉండాలి. కానీ ఈ గది పోతే నాకేం మిగలదు. పెళ్ళి కలిసిరాలేదు, పిల్లలు లేరు. పందొమ్మిదేళ్ళుగా పై గాలిని వడకట్టే ఈ జల్లెడలు కడుగుతూ, ఈ మోటార్లకు నూనె పోస్తున్నాను. ఏది ఎందుకు మూలుగుతోందో నాకే తెలుసు. ధాన్యం కొట్టులో కూర్చుని రాళ్ళేరుకుంటూ బతకమంటే బతకలేను.

ఎండ 60వ రోజు

డాక్టర్ ఫిలోమినా గారి దగ్గరికి వెళ్ళాను. చిన్న మనిషి, మాట మెత్తన, మొహమాటం లేదు.

“నెలసరి ఎలా ఉంది నాంచారమ్మా?”

“వస్తే వరద. లేకపోతే మూడు నెలలు పత్తా ఉండదండీ.”

“ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటుంది. పూర్తిగా ఆగేదాకా ఒంటికి నిలకడ ఉండదు. ఆవిర్లు వచ్చినప్పుడు మీ లోపలి వేడి పెద్దగా పెరగదు, చర్మం వేడెక్కుతుంది. కన్ను చూసేది చర్మాన్నే.”

“ఆ కన్నుకి ఈ సంగతి చెప్పండి.”

ఆవిడ నవ్వి బల్ల మీద రెండు పెట్టింది. ఒకటి బొటనవేలంత పట్టీ. రెండోది తెల్ల మాత్రల సీసా.

“పట్టీలో ఉన్నది మీ ఒంట్లో తగ్గిపోతున్న హార్మోనే. పొట్ట కింద అతికించుకుంటారు, వారానికి రెండుసార్లు మార్చాలి. గర్భసంచి ఉంది కాబట్టి పడుకోబోయే ముందు ఇంకో మాత్ర కూడా వేసుకోవాలి. అది మానేసి ఉత్త పట్టీ వాడితే గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి వేరే ముప్పు తెస్తుంది. ఆవిర్లకి మాత్రం దీన్ని మించింది లేదు. నిద్ర పడుతుంది. ఎముకలకీ మంచిది.”

“మరి సీసా?”

“ఇందులో హార్మోన్ లేదు. ఒంటి వేడిని చూసుకునే చోటు తలలో ఒకటుంటుంది, అక్కడ పనిచేస్తుంది. ఆవిర్లు తగ్గుతాయి. పట్టీతో తగ్గినంత తగ్గుతాయని చెప్పలేను. కాలేయం ఎలా ఉందో నెలనెలా రక్తం తీసి చూసుకోవాలి.”

నేను మా శేషక్క సంగతి ఎత్తాను. ఎత్తక్కర్లేదు, ఆవిడకు తెలుసు. రొమ్ము క్యాన్సర్‌తో మా అక్క నలభై నాలుగో ఏట పోయింది. ఆ కట్లు మార్చింది నేను. ఆ వాసన ఇప్పటికీ నా చేతులకు ఉన్నట్టే ఉంటుంది. హార్మోన్ అనే మాట వింటే చాలు, నా చెయ్యి దానంతటదే రొమ్ము మీదకు పోతుంది.

“వంశంలో వచ్చే దోషం మీ రక్తంలో లేదు, నిరుడు చూశాం కదా,” అంది డాక్టరు. “అయినా అక్కకి వచ్చింది కాబట్టి మీకు ముప్పు కొంచెం ఎక్కువే. పట్టీ, మాత్ర కలిపి ఏళ్ళ తరబడి వాడితే ఇంకాస్త పెరగొచ్చు. వాడొద్దు అనేంత పెద్దది కాదు. అసలు లేదని మిమ్మల్ని మభ్యపెట్టను. ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటూ వాడేవాళ్ళున్నారు. ఏదన్నది మీరే చెప్పాలి.”

అదే నాకు ఒళ్ళు మండేది. అన్నీ చెప్పి చివర్లో ‘మీరే చెప్పాలి’ అంటారు. తెలిసినవాళ్ళు చెప్పకపోతే నిద్రలేక తూలుతున్న నేను చెప్పాలా? ఆలోచించుకుని వస్తానని లేచి వచ్చేశాను.

ఎండ 63వ రోజు

జల్లెడలు: ఆరు. కుంకుడు రసం అయిపోవచ్చింది.

ఈ రోజు భూలక్ష్మక్కకు విషయం చెప్పాను. ఆవిడ మా పెద్ద వంటిల్లు నడుపుతుంది. యాభై మూడేళ్ళు. పూటకు నాలుగు వందల మందికి వండి వార్చి, అందరూ తిన్నాక నాతో కూర్చుని తింటుంది. ఆవిడకూ ఆవిర్లే. వంటింటి వాళ్ళకు పదిసార్ల రూలు లేదు. అందుకని కన్ను పట్టుకుంటే ఆవిడకు పండగ.

“పుట్టింటికెళ్ళి వచ్చానే,” అంటుంది, జ్వరం గదిలోంచి వచ్చి.

ఆడవాళ్ళంతా ఆ గదిని అలాగే పిలుస్తారు. నాలుగు మంచాలు, చల్లటి మట్టి నేల, గంట మోగదు, ఎవరూ పిలవరు. ఆరు గంటలు కదలకుండా పడుకోమని రూలే చెబుతుంటే కాదనేదెవరు? డాక్టరు వీళ్ళకూ మందు ఇస్తానంది. ఒక్కరూ తీసుకోలేదు. బట్టలుతికే కనకరత్నమైతే మొహం మీదే చెప్పేసింది: “ఆవిర్లు తగ్గిపోతే మాకు నిద్ర ఎవరిస్తారండీ?”

కళ్ళున్న తలుపులనూ ఆ గదినీ చూసుకునే సూర్యం మంచివాడు. రెండు గంటలకోసారి లేపి నుదురు చూడాలి, అది వాడి పని. వాడు లేపడు. తలుపు అద్దంలోంచి చూసి, పడుకున్నారులే పాపం అని చూసినట్టు పుస్తకంలో గీత పెట్టేస్తాడు. ఇది అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

“నీకు పుట్టిల్లు అచ్చిరాదు గదా,” అంది భూలక్ష్మక్క. “అయితే ఇది పట్టు.” వట్టివేళ్ళు వేసిన కుండలోంచి ఒక గుడ్డ తీసి పిండి నా చేతిలో పెట్టింది. “తలుపు ఇంకా పదడుగులుందనగా నుదుటికీ మెడకీ అద్దుకో. ఆనక పొడిగుడ్డతో తుడుచుకో. తడి కనపడితే దొరికిపోతావ్. తుడుచుకున్నాక ఊరికే నించోక, నడువ్.”

“నువ్వెప్పుడైనా చేశావా అక్కా?”

“మా అల్లుడొచ్చినప్పుడు చేశా. ఆరోజు పుట్టింటికి పోతే బాగోదు గదా!”

ఎండ 64వ రోజు

పనిచేసింది. చెవులు కాలిపోతున్నా తలుపు నోరు మూసుకుని తెరుచుకుంది.

ఎండ 71వ రోజు

వారంలో పద్దెనిమిదిసార్లు గుడ్డ అద్దుకున్నాను. ఒక్కసారీ దొరకలేదు. నా లెక్క ఏడు దగ్గరే ఆగింది.

డాక్టరు కబురు పెట్టింది. రేపు వస్తానని చెప్పించాను. నిజం చెప్పొద్దూ, వెళ్ళబుద్ధి కావడం లేదు. గుడ్డ ఉండగా పట్టీ ఎందుకు, సీసా ఎందుకు? ఏదీ ఎంచుకోకపోతే దేనికీ భయపడక్కర్లేదు. నిద్ర మాత్రం లేదు. కాళ్ళు పీకుతున్నాయి. నిన్న నూనె డబ్బా ఎక్కడ పెట్టానో గుర్తు రాక గంట వెతికాను. అది నా చేతిలోనే ఉంది.

ఎండ 79వ రోజు

జల్లెడలు: నాలుగే. రెండు రేపు కడుగుతాను.

భోజనాల దగ్గర డాక్టరు ఎదురుపడింది.

“ఇంకా ఆలోచిస్తున్నారా?”

నీళ్ళు నమిలాను. “ఇప్పుడు కొంచెం నయమండీ.”

“నయమా?” అని నా కళ్ళ కింద చూసింది. ఇంకేం అనలేదు. ఆవిడ ఏమైనా అనుంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది. అయినా ఆవిడ మీద నెట్టడం దేనికి?

ఎండ 84వ రోజు

రెండో గొట్టం గాలి తగ్గింది. పైకెక్కి చూస్తే బయటి జల్లెడకు చచ్చిన గబ్బిలం అతుక్కుని ఉంది. మామూలుగా చేసేదే చేశాను: తొడుగులు వేసుకున్నాను, మూతికి ముసుగు కట్టుకున్నాను, పొడుగాటి పటకారుతో తీసి సున్నం డబ్బాలో వేశాను. సగంలో ఆవిర్లు వచ్చాయి. గొట్టంలో అసలే ఊపిరాడదు. ముసుగులో మొహం ఉడికిపోయింది. రెండు నిమిషాలు ముసుగు కిందికి లాక్కుని ఊపిరి తీసుకున్నాను. ఆ తర్వాత మళ్ళీ కట్టుకున్నాను.

జల్లెడ మార్చాను. గాలి బాగుంది.

ఎండ 88వ రోజు

ఒళ్ళు నొప్పులు. పొద్దుటి నుంచీ వేడి దిగడం లేదు. ఒకదాని వెనక ఒకటి ఆవిర్లు వస్తున్నట్టుంది, మధ్యలో చెమట మాత్రం పట్టడం లేదు. రెండు నెలలుగా నెలసరి రాలేదు, వచ్చే ముందు ఇలాగే ఉంటుందేమో. ఈ వయసులో ఒంటికి ఏది ఎందుకొస్తుందో ఒంటికే తెలియదు.

గుడ్డ ఐదుసార్లు వాడాను. రెండు షిఫ్టులూ చేశాను.

అన్నం సయించలేదు. భూలక్ష్మక్క ఊరుకోలేదు. చింతకాయ పచ్చడి కలిపి, చిన్నపిల్లకు పెట్టినట్టు ముద్దలు చేసి చేతిలో పెట్టింది. తినమని నా పక్కన ఆనుకుని కూర్చుంది.

“కాలిపోతున్నావేంటే?” అంది.

“నువ్వు కాలవా?” అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం.

ఎండ 90వ రోజు

తేలికగా ఉంది. కొద్దిగా దగ్గు. జల్లెడలు ఆరూ కడిగాను.

ఎండ 92వ రోజు

భూలక్ష్మక్క ఇవాళ పుట్టింట్లో ఉంది. నేను షిఫ్టు దిగి వస్తుంటే సూర్యం తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

“భూలక్ష్మి పిన్ని నాలుగు గంటలుగా ఒకటే నిద్రండీ నాంచారమ్మగారూ. ఒకసారి లేపి చూడనా?”

అద్దంలోంచి చూశాను. గోడవైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంది. నాకు ఈర్ష్య కలిగింది. అలా పడుకుని ఎన్నాళ్ళయిందో.

“పడుకోనివ్వు నాయనా. నాలుగు వందల మందికి వండే మనిషి,” అన్నాను.

వాడు సరేనని గీత పెట్టాడు.

ఎండ 93వ రోజు

ఆరు గంటలయ్యాక సూర్యం పిలిస్తే ఆవిడ లేవలేదు. భుజం పట్టి కదిపితే చెయ్యి కాలిందట వాడికి. పుల్లతో రక్తం చూశారు. గొట్టం జ్వరం.

గంటలో వంటింటి వాళ్ళందరికీ, ఆవిడతో తిన్నవాళ్ళందరికీ పరీక్షలు పెట్టారు. నా రక్తం తీసిన పుల్లను డాక్టరు రెండుసార్లు చూసింది.

“మీకు వచ్చి తగ్గిపోయింది,” అంది. “ఎప్పుడు వచ్చింది నాంచారమ్మా?”

నేను వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టాను. ఎనభై ఎనిమిది దగ్గర ఆగాను. ఆ తర్వాత ఎనభై నాలుగు గుర్తొచ్చింది.

“మరి కన్ను పట్టుకోలేదా?” అంది.

నడుముకు కట్టుకున్న సంచిలోంచి గుడ్డ తీసి ఆవిడ బల్ల మీద పెట్టాను. ఇంకా తడిగానే ఉంది.

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. నన్ను తిట్టలేదు. “ఎవరెవరి దగ్గర కూర్చున్నారో చెప్పండి, త్వరగా,” అంది. చెప్పాను.

ఎండ 96వ రోజు

పదకొండు మందికి వచ్చింది. పదిమంది తేరుకుంటున్నారు.

భూలక్ష్మక్క ఈ రోజు మధ్యాహ్నం పోయింది.

ఎండ 97వ రోజు

జల్లెడలు కడిగాను. ఎన్నో గుర్తులేదు.

సూర్యం గాలిగదికి వచ్చాడు. లోపలికి రాకుండా గడప దగ్గరే కూర్చుండిపోయాడు. ముప్ఫయ్యేళ్ళవాడు, ఒక్క వారంలో ముసలాడైపోయాడు.

“నేను లేపుంటే ఇంతదాకా వచ్చేది కాదండీ,” అన్నాడు.

“నేనే కదయ్యా వద్దన్నాను.”

“మీరంటే మాత్రం? లేపడం నా పని. మూడేళ్ళ నుంచీ ఒక్కర్నీ లేపలేదండి నేను.”

ముందే మందు పడి ఉంటే బతికేదా అని డాక్టర్ని అడిగాడట. ఆవిడ, “చెప్పలేను సూర్యం,” అందట. చెప్పలేనంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం మోటార్ల వంక చూస్తూ కూర్చున్నాం.

నన్ను గాలిగదిలోంచి తీసేయమని నేనే అడిగాను. తలుపుల మీద అధికారం వాడిదే కాబట్టి వాడు తీసేయొచ్చు.

“తీసేస్తే ఈ మోటార్లు ఎవరికొచ్చండీ?” అన్నాడు. “గేటు తెరిచాక కమిటీ ఏమంటే అది. అప్పటిదాకా మీరే.”

ఇక్కడే ఉండాలని నెలరోజులు కన్నును మోసం చేశాను. ఉండమన్నారు. నా ఇష్టం నెరవేరినందుకు ఇంత అసహ్యం వేస్తుందని అనుకోలేదు.

కమిటీ వారికి: పై పేజీల్లో ఏదీ కొట్టేయలేదు. కొట్టేయాలనిపించింది. తొంభై రెండో రోజు దగ్గర కలం కూడా పెట్టాను. ఆపుకున్నాను.

ఎండ 101వ రోజు

డాక్టరు దగ్గరికి పిలవకుండా వెళ్ళాను.

“పట్టీ ఇవ్వండి,” అన్నాను.

“కూర్చోండి. శిక్ష వేసుకోవడానికి వచ్చారా, మందు కోసం వచ్చారా?”

నిలబడే ఉన్నాను. “భయం పోలేదండీ. శేషక్క రోజూ గుర్తొస్తూనే ఉంది. కానీ ఈ వేడి ఏదో ఆ వేడి ఏదో నాకు తెలియడం లేదు. నా ఒళ్ళు కాలితే అది జ్వరమే అయ్యుండాలి. అప్పుడు నేను నమ్ముతాను, పరిగెత్తుకొస్తాను. ఇప్పుడు నా ఒంటి మాట నేనే నమ్మడం లేదు.”

ఆవిడ రక్తపోటు చూసింది, రొమ్ములు తడిమి చూసింది, కాళ్ళలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా, నెలసరి కాని రోజుల్లో రక్తస్రావం అయిందా అని మళ్ళీ అన్నీ అడిగింది.

“సీసాతో కూడా చూడొచ్చు. అందులో మీరు భయపడేది లేదు,” అంది.

“దేనితో ఎక్కువ ఖాయం?”

“పట్టీతో.”

“నిద్ర?”

“పట్టీతోనే. రాత్రి వేసుకునే మాత్ర కూడా కొంత నిద్ర తెస్తుంది. కానీ నాంచారమ్మా, పూర్తిగా ఆగిపోతాయని మాట ఇవ్వలేను. ఒక్కరోజులోనూ తగ్గవు. రెండు మూడు వారాలు చూడాలి. మధ్యలో మరకలు కనిపించొచ్చు, రొమ్ములు సలపొచ్చు. సలిపిన ప్రతిసారీ అక్క గుర్తొస్తుంది మీకు.”

“వస్తే రానివ్వండి.”

“గేటు తెరవగానే పెద్దాసుపత్రికి వెళ్ళి రొమ్ము ఫోటో తీయించుకోవాలి. ఏటా కలిసి మాట్లాడుకుందాం. వద్దనిపించిన రోజు ఆపేద్దాం. ఇది పెళ్ళి కాదు,” అంది.

ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. ఆవిడ గదిలో గోడకు తల ఆనించి ఏడ్చాను. పట్టీ ఆవిడే అతికించింది.

ఎండ 109వ రోజు

జల్లెడలు: ఆరు. ఆవిర్లు: తొమ్మిది. రొమ్ములు సలుపుతున్నాయి. రోజూ తడిమి చూసుకుంటున్నాను.

రూలు మారింది. ఎర్ర దీపం వెలిగితే అక్కడికక్కడే పుల్లతో పరీక్ష. పదినిమిషాల్లో తేలిపోతుంది. పుల్లలు గేటు తెరిచేదాకా చాలవని, ఆవిర్లున్న ఆడవాళ్ళందరినీ మందు తీసుకోమని డాక్టరు ఒక్కొక్కర్నీ పిలిచి మాట్లాడుతోంది. ఎవరికి ఏది సరిపడుతుందో చూసి ఇస్తోంది. కొందరికి పట్టీ, కొందరికి సీసా. ఒకామెకు రెండూ పడవని ఊరికే విసనకర్ర ఇచ్చింది. జ్వరం గదిలో మంచాలు తీసేశారు. ఇప్పుడక్కడ రెండు బల్లలున్నాయి.

ఉతుకు రాళ్ళ దగ్గర కనకరత్నం నన్ను పట్టుకుంది. మా ఇద్దరి మంచాలూ ఆడవాళ్ళ హాల్లో పక్కపక్కనే. తొంభై మూడో రోజు నుంచి నాతో మాట్లాడలేదు.

“మా పుట్టిల్లు మూయించేశావ్ కదే!” అంది.

భూలక్ష్మక్కను చంపావని అంటుందని చూస్తున్నాను. ఆ మాట అంటే పడడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. అది అనలేదు.

“వారానికి రెండుసార్లు ఆరు గంటలు. నా బతుక్కి అదొక్కటే నిద్ర. పెళ్ళయినప్పటి నుంచీ నన్ను నిద్రపొమ్మన్నది ఆ ఎర్ర దీపం ఒక్కటే. అదీ లేకుండా చేశావ్.” తడి దుప్పటి రాయి మీద కొట్టింది. ఆ నీళ్ళు నా మొహం మీద పడ్డాయి.

తుడుచుకోలేదు. ఆమె ఏడుస్తోందని కాసేపటికి గాని తెలియలేదు.

ఎండ 112వ రోజు

కన్నును నేనింక నమ్మలేను. నా తడిగుడ్డకు లొంగిపోయిన కన్ను అది. అందుకని షిఫ్టు దిగి వచ్చాక ఆడవాళ్ళ హాల్లో ముప్ఫై మంచాలూ తిరుగుతున్నాను. పడుకున్న ప్రతి మనిషి నుదుటి మీద చెయ్యి తిరగేసి మండ ఆనించి చూస్తున్నాను. అది నాకెవరూ చెప్పిన పని కాదు.

అందరూ తిడుతున్నారు. “చెయ్యి తియ్యవే మహాతల్లీ,” అంది ఒకామె. ఇంకొకామె నా చెయ్యి విదిలించి కొట్టింది. కనకరత్నం కళ్ళు తెరిచి, నన్ను చూసి, గోడవైపు తిరిగిపోయింది. గోడవైపు తిరిగినా వదల్లేదు. వెనక నుంచి చెయ్యి పోనిచ్చి చూశాను. చల్లగానే ఉంది.

ఎండ 117వ రోజు

ఆవిర్లు: ఐదు. చిన్నవి. కన్ను ముందు గుడ్డ లేకుండా నిలబడుతున్నాను. రెండుసార్లు ఎర్ర దీపం వెలిగింది. వేలు చాచాను, సూర్యం పుల్లతో గుచ్చాడు, పదినిమిషాలు ఇద్దరం కూర్చున్నాం. జ్వరం లేదన్నాడు. సరే అన్నాను.

వంటింటికి కొత్తామె వచ్చింది. బాగానే వండుతోంది. నేను పళ్ళెం తెచ్చుకుని గాలిగదిలో తింటున్నాను.

సూర్యం మా పాతర పెద్దమనుషులకు ఒక అర్జీ రాశాడు: జ్వరం ఉన్నా లేకపోయినా ఆడవాళ్ళకు వారానికి ఒకపూట సెలవు ఇవ్వాలని. వాళ్ళు ఆలోచిస్తామన్నారట. నా పేరు కూడా కింద రాయమన్నాను. నా పేరుంటే ఇవ్వరని వాడికి భయం. అయితే వద్దులే అన్నాను.

ఎండ 125వ రోజు

ఈ రోజు పట్టీ మార్చుకున్నాను. ఎనిమిదోది. ఆవిర్లు: రెండు.

రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. మధ్యాహ్నం రెండో షిఫ్టు దిగి, మంచాలన్నీ తిరిగి నుదుళ్ళు చూసుకుని, చివర్లో నా మంచం మీద వాలాను. పడుకున్నానని తెలిసేలోపే నిద్ర పట్టింది. రెండేళ్ళుగా నాకు తెలియని నిద్ర. కలలు లేవు, చెమట లేదు, జాకెట్టు మార్చుకోవడం లేదు. భూలక్ష్మక్క మట్టిలో ఉండగా నాకు ఇంత నిద్ర ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఎంతసేపైందో, నుదుటి మీద ఏదో ఆనింది. తడి చెయ్యి. సబ్బు వాసన. వేళ్ళ చివర్లు నీళ్ళలో నాని ముడతలు పడి ఉన్నాయి. చెయ్యి అక్కడే కాసేపు ఉంది. తర్వాత తిరగేసి చేతి మండతో మళ్ళీ చూసింది. మెడ కింద కూడా చూసింది.

నేను కళ్ళు తెరవలేదు. తెరిస్తే తీసేస్తుందని.

“జ్వరం లేదులే,” అంది కనకరత్నం. “పడుకో.”